వెన్నుబండ: వెనుదిరిగి మొక్కే చోటు

శాలివాహన శకం 1609, ప్రభవ నామ సంవత్సరం, మార్గశిర మాసంలో అన్యాయమైపోయినవారు ఊటపల్లె ప్రజలు. మహిమలు తర్వాత చెప్పుకోవచ్చు. ముందు ఈ మాట చెప్పకుండా వెన్నుబండ కథ ఎత్తుకునేవారు ఎవరైనా సరే, సింగనదుర్గం నాయుడి పల్లకీ మోసినవారి తరఫు మనుషులని భక్తులు గ్రహించాలి.

ఎర్రమల కొండల నడుమ నల్లవంక అనే వాగు ఒడ్డున కనిపించే గుహే ఈ క్షేత్రం. దీనికి గోపురం లేదు, ధ్వజస్తంభం లేదు. గుహ నోరు మసిబారి ఉంటుంది. ఆ నోటికి అడ్డంగా కూలిపడిన పెద్ద బండ మీద రెండు రూపాలు చెక్కి ఉంటాయి. ఒడిలో కత్తి పెట్టుకుని బయటివైపు కూర్చున్న మనిషి ఒకరు. గుహ లోపలికి పడగ తిప్పిన ఘటసర్పం మరొకరు. ఇద్దరి వెన్నులూ ఆనుకుని ఉంటాయి. సర్పం పొలుసులు ఒక్కొక్కటీ లెక్కపెట్టేలా చెక్కిన శిల్పి, మనిషి ముఖాన్ని మాత్రం నున్నగా వదిలేశాడు. చేతులు తగిలి తగిలి అరిగిపోయిందని కొందరు అంటారు. అరగలేదు. ఎందుకు చెక్కలేదో ముందుకు పోయాక తెలుస్తుంది.

కొత్తగా వచ్చినవారు తెలియక తమలపాకులు తెస్తారు. అర్చన చేసే అమ్మ వాటిని వంక దగ్గరే తీసుకుని మేకలకు వేస్తుంది. ఎదురుగా నిలబడి చేతులు జోడిస్తే భుజం పట్టుకుని, "తిరుగు నాయనా, అటు తిరుగు" అని తిప్పేస్తుంది. ఇక్కడ దేవుడికి వెన్ను చూపించి మొక్కాలి. పెద్ద ఉద్యోగులూ మెడలో దండలతో వచ్చే నాయకులూ మొదట కాస్త ఇబ్బంది పడతారు. పడనివ్వండి.

పూర్వం ఇక్కడ గుహ లోపల ఊట పక్కన ఒక ఘటసర్పం నివసించేది. తలంటే కాగంత, ఊపిరంటే పొగ. దాన్ని చూసినవారికన్నా చూశామని చెప్పినవారే ఎక్కువ. వంకకు ఇవతల, గుహ ఉన్న వైపు, సింగనదుర్గం పాలెగాడు ముసలప్ప నాయుడి సీమ. పేరుకే ముసలప్ప, వయసు ముప్పై దాటలేదు. గోల్కొండ కూలిన ఏడాది అది. పైన పాదుషాలు కొట్టుకుంటుంటే కింద ప్రతి పాలెగాడూ తానే చక్రవర్తిననుకున్నాడు. నాయుడు కూడా అలాగే అనుకుని పన్ను రెట్టింపు చేశాడు. ఊటపల్లె వారు ఇవ్వలేమన్నారు. మట్టికోట తలుపులు మూసుకుని లోపల కూర్చున్నారు.

నాయుడి కొలువులో బంట్లకు పెద్ద గాదిలింగడు. ఆయుధం పట్టడంలో అతనికన్నా గట్టివారు లేకపోలేదు. అతని ఆస్తి వేరే. గాదిలింగడు మాటిస్తే జరిగి తీరుతుందని సీమంతా నమ్మేది. ఎన్నో ఏళ్ళు కూడబెట్టుకున్న ఆ నమ్మకాన్ని నాయుడు ఒక్క పూటలో వాడుకున్నాడు.

"తాంబూలం తీసుకుని పోరా లింగా," అన్నాడు. "తలుపు తీస్తే ఎవరి మీదా చెయ్యి పడదని చెప్పు."

గాదిలింగడు పోయి చెప్పాడు. చెప్పినది నమ్మే చెప్పాడు. ఊరి పెద్ద బయన్న తాంబూలం అందుకుని, సగం తాను నోట వేసుకుని సగం అతనికిచ్చి, తలుపు తీయించాడు. గాదిలింగడి నోట్లో ఆకు నమలడం ఇంకా పూర్తి కాలేదు. వెనకనుంచి నాయుడి గుర్రాలు లోపలికి దూసుకొచ్చాయి. మగవారిని వంక ఒడ్డున నరికారు. బయన్నను అందరికన్నా ముందు నరికారు. ఆడవారినీ పిల్లలనూ పశువులతో కలిపి దుర్గానికి తోలారు.

"ఇదేంది దొరా, నేను మాటిచ్చినా గదా!" అని గాదిలింగడు నాయుడి గుర్రానికి అడ్డం పడ్డాడు.

"నువ్విచ్చినావు," అన్నాడు నాయుడు. "నేనిచ్చినానా?"

ఆ రోజు నుంచి గాదిలింగడికి నిద్ర దూరమైంది. కళ్ళు మూస్తే తలుపు తెరుచుకునేది. తాను మోసిన కత్తీ, కట్టుకున్న కంకణమూ, భట్టులు పాడిన వీరగీతాలూ అన్నీ ఒక కంత్రీ వ్యాపారానికి దుకాణం ముందు కట్టిన తోరణాలని అతనికి అర్థమైంది. కొంచెం ఆలస్యంగానే అర్థమైంది. బంట్లకు సాధారణంగా అంతే.

తర్వాత కొద్దిరోజులకే నాయుడు కొలువులో వీడెం పెట్టించాడు. వీడెమంటే పళ్ళెంలో పెట్టిన తమలపాకుల చుట్ట. దాన్ని ఎత్తినవారు చెప్పిన పని చేసి తీరాలి, లేదా ఆ పనిలో చావాలి. వట్టి చేతులతో తిరిగిరావడం ఉండదు. ఈసారి చెప్పిన పని ఘటసర్పాన్ని చంపడం. అది మనుషులను తింటోందని, వానలను ఆపుతోందని భట్టులు రాగం తీశారు. అసలు సంగతి గుహలోని మన్ను. తరతరాల గబ్బిలాల రెట్టతో ఆ మన్ను నిండా సూరేకారం పట్టింది. తుపాకి మందుకు అదే ప్రాణం. అది చేతికొస్తే నాయుడు చుట్టుపక్కల ప్రతి ఊరినీ ఊటపల్లె చేయగలడు.

వీడెం వైపు ఎవరూ కదల్లేదు. గాదిలింగడు లేచి ఎత్తాడు.

"పని అయితే ఊటపల్లె ఆడవాళ్ళనూ బిడ్డలనూ వదిలిపెట్టాల దొరా."

నాయుడికి నవ్వొచ్చింది. "సరే పోరా. వైశాఖంలో బానిసల బేరగాళ్ళు వస్తాండారు. ఆలోగా అయితే నీకు, కాకపోతే వాళ్ళకు."

నిజం చెప్పాలంటే గాదిలింగడు రెండు కోరికలతో గుహకు బయలుదేరాడు. ఒకటి, చెరలో ఉన్నవారు బయటపడాలి. రెండోది, తాను ఎలాగైనా చావాలి. ఈ రెండూ ఒకే పనితో తీరవని అతని నిద్రలేని బుర్రకు తట్టలేదు.

పుష్యమాసపు చలిలో, మిట్టమధ్యాహ్నం కూడా చీకటిగా ఉండే ఆ గుహలోకి అతను కత్తి దూసి అడుగుపెట్టాడు. చీకట్లోంచి ఒక ముసలి గొంతు వచ్చింది.

"చలి లోపలికి వస్తాంది. వచ్చేదయితే రా, పోయేదయితే పో. ఆడ నిలబడొద్దు."

గాదిలింగడు కత్తి ఎత్తాడు. ఆ బరువుకే తూలాడు. భయంతో కాదు, నిద్రలేక.

"తిను," అన్నాడు. "నన్ను తిను, లేకుంటే నిన్ను చంపుతా."

"మనుషులు ఉప్పగా ఉంటారు," అంది ఘటసర్పం. "అందులో బంట్లు మరీ. వాళ్ళ ఉప్పు చాలక దొరల ఉప్పు కూడా తింటారు. నిద్రపోయి ఎన్నాళ్ళయిందిరా నువ్వు?"

"ఊటపల్లె కాడి నుంచి."

"అయితే ముందు పడుకో. చంపుకునేది లేచినాక చూసుకుందాం."

అక్కడ బేరం మొదలైంది. సర్పం చూస్తుంటే తనకు నిద్ర పట్టదన్నాడు గాదిలింగడు. కత్తి పట్టుకున్నవాడు చూస్తుంటే తనకు మాత్రం ఎట్లా పడుతుందంది సర్పం. నువ్వు అటు తిరుగంటే నువ్వే తిరుగని ఇద్దరూ చాలాసేపు వాదులాడుకున్నారు. చివరికి ఒకేసారి తిరిగారు. రాతి నేల గడ్డకట్టే చలిగా ఉంది. సర్పం వెన్ను మాత్రం అప్పుడే పొయ్యి దించిన కుండలాగా ఉంది. గాదిలింగడు కొంచెం జరిగాడు. ఇంకొంచెం జరిగాడు. వెన్నుకు వెన్ను తగిలింది. ఆ తర్వాత ఏం జరిగిందో అతనికి తెలియదు, ఎందుకంటే నిద్రపోయాడు.

లేచాక చంపుకోవడం కుదరలేదు. మర్నాడూ కుదరలేదు. సర్పం పొలుసుల కింద గోమారి పురుగులు పట్టి వేధిస్తుంటే గాదిలింగడు కత్తిమొనతో ఒక్కొక్కటీ తీసేవాడు. ఆ కత్తికి అంతకన్నా మంచి పని అంతవరకు తగల్లేదు. ఒకరోజు వీపు మీద పాత బల్లెం ముక్క బయటపడింది.

"ఇదెవరిది అవ్వా?"

"ఎవడో నీలాంటోడే. వాడి మనవళ్ళకు మనవళ్ళు కూడా పోయింటారు." సర్పం పొగ వదిలింది. "మా వాళ్ళంతా పోయినారురా. గుడి గోడల మీద చూడు. యాడ చూసినా ఎవడో ఒకడు గుర్రమెక్కి పొడుస్తానే ఉంటాడు, మావాళ్ళు నోరు తెరుచుకుని చస్తానే ఉంటారు. ఒక్క గోడ మీదైనా ఊరకే పడుకున్న సర్పాన్ని చెక్కినారా?"

గాదిలింగడు ఆలోచించి, లేదన్నాడు. తాను ఊటపల్లె సంగతి చెప్పాడు. బయన్న పేరు చెప్పాడు. సర్పం ఓదార్చలేదు, తిట్టలేదు. విన్నది. అతనికి కావలసింది కూడా అంతే. కానీ ఒక సంగతి మాత్రం అతను చెప్పలేదు. వీడెం ఎత్తి వచ్చానని నోరు విప్పలేదు. ప్రతిరోజూ ఆ వెచ్చని వెన్నుకు ఆనుకుని, ఆ ఒక్క మాటను ముల్లులాగా లోపలే దాచుకుని పడుకున్నాడు.

ఫాల్గుణంలో సర్పం కుబుసం విడిచింది. గాదిలింగడికి ఆశ పుట్టింది. దాన్ని చుట్టి భుజాన వేసుకుని దుర్గానికి పోయి నాయుడి ముందు పరిచాడు.

నాయుడు కాలితో తిరగేసి చూశాడు. "విడిచిన చొక్కా తెచ్చి మనిషిని చంపినానంటావేందిరా? మా గొర్లకాపరులు అన్నీ చెప్పినారులే. అది నీతో సావాసం చేస్తాందంట." అతని కళ్ళు మెరిశాయి. "అదీ మంచిదే. నువ్వు పిలిస్తే బయటికొస్తుంది. ఏమీ చెయ్యరు రమ్మని మాటివ్వు. ఊటపల్లెకు ఇచ్చినావు గదా, అట్లనే."

గాదిలింగడు తల వంచుకుని బయటికి వచ్చాడు. కోట గోడకు రాళ్ళు మోస్తున్న చెరలోని ఆడవారు ఎదురయ్యారు. వారిలో బయన్న పెండ్లాం తిప్పక్క ఉంది. భుజాన మూడేళ్ళ కూతురు, నెత్తిన రాయి. ఆమె రాయి దించకుండానే దగ్గరకొచ్చి అతని ముఖం మీద ఉమ్మింది.

"నీ నోట్లో మన్ను పడ," అంది. "ఇంకా బతికే ఉండావా?"

అతను తుడుచుకోలేదు. అలాగే గుహ దాకా నడిచి వచ్చి సర్పం ముందు కూలబడ్డాడు. వీడెం సంగతి, చెర సంగతి, నాయుడు పెట్టిన కొత్త బేరం, అన్నీ చెప్పేశాడు.

"వీడెం సంగతి నాకు ఎప్పుడో తెలుసులేరా," అంది సర్పం.

"ఎట్లా?"

"మొదటి రోజు నీ నోరు ఆకు వాసన కొట్టింది. ఆకు నమిలి కత్తి పట్టుకుని నా దగ్గరకు పెండ్లి పిలుపుకు వస్తారా ఎవరైనా?"

"తెలిసీ నాకు వెన్ను తిప్పినావా అవ్వా?"

"తెలిసే తిప్పినా. ఏం చేస్తావో చూద్దామని. నువ్వు గురక పెట్టినావు."

తర్వాత గాదిలింగడు, ఎక్కడికైనా పారిపొమ్మని బతిమాలాడు. ఇంత ఒళ్ళు ఏ పుట్టలో పడుతుందని అడిగింది సర్పం. పోనీ నాయుడిని కాల్చెయ్యమన్నాడు.

"నా కడుపులో ఇంకొక్క ఊపిరికి నిప్పుంది. నాయుడి మీద ఊదితే ఇంకో నాయుడు వస్తాడు. ఈ మన్ను ఉన్నన్నాళ్ళూ వస్తానే ఉంటారు. ఊదితే దీని మీదే ఊదాల." సర్పం గుహ లోపలికి చూసింది. "నేను లోపలికి తిరిగినప్పుడు నా వెనక ఎవడో ఒకడు ఉండాల. నువ్వుంటావా?"

"ఉంటా," అన్నాడు గాదిలింగడు. ఊటపల్లె తర్వాత అతను ఎవరికైనా ఇచ్చిన మాట అదొక్కటే.

వైశాఖ శుద్ధ ఏకాదశి నాడు నాయుడు పల్లకీలో వచ్చాడు. తుపాకులవారు వచ్చారు. మన్ను ఎత్తుకుపోవడానికి బండ్లూ గంపలూ వచ్చాయి. గాదిలింగడి షరతు ప్రకారం చెరలోని వారినీ తెచ్చారు. వారు ముందు వంక దాటాలి, ఆ తర్వాతే సర్పాన్ని పిలుస్తాననేది ఆ షరతు. నాయుడు వెంటనే ఒప్పుకున్నాడు. సర్పం పని కాగానే ఆ ఆడవారిని మళ్ళీ పట్టుకోవడం ఎంత సేపు? అతను అలా అనుకుంటాడని గాదిలింగడికి తెలుసు. అవతల గట్టెక్కి అడవిలో పడేంత వ్యవధి దొరికితే చాలు, కొండదారులన్నీ ఊటపల్లె వారికి కొట్టిన పిండి.

గుహ ముందు వారిని వరుసగా నిలబెట్టారు. గాదిలింగడు తిప్పక్క దగ్గరకు వెళ్ళి గొంతు తగ్గించి చెప్పాడు.

"వంక దాటేదాకా ఒక్కరు కూడా వెనక్కి తిరగొద్దు అక్కా. ఏం వినబడినా సరే. తిరిగి చూస్తే భయపడి పరుగెత్తుతారు. పరుగెత్తితే తుపాకులోళ్ళకు అనుమానం వస్తుంది. దాటినాక మాత్రం ఆగకండి."

తిప్పక్క అతని వైపు చూసింది. ఆ చూపు ఉమ్మినప్పటి చూపే.

"ఒకసారి నీ మాట నమ్మి తలుపు తీసినాం."

"అవును."

"ఇప్పుడు తుపాకులకు వీపు పెట్టి నడవమంటాండావు."

"అవునక్కా."

ఆమె వంగి కూతురిని భుజాన ఎత్తుకుంది. వెన్ను తిప్పి నడిచింది. మిగిలినవారు ఆమె వెనక నడిచారు. ఎవరూ పరుగెత్తలేదు.

చివరి మనిషి వంకలో దిగగానే నాయుడు తొందరపెట్టాడు. నలుగురూ చూస్తున్నారని చేతులు జోడించి, "నాగేంద్రా, బయటికి రావయ్యా" అని ఎంతో భక్తిగా పిలిచాడు కూడా. సర్పం గుహ నోటి దాకా వచ్చింది. ఎండలో మొదటిసారి దాన్ని చూసిన తుపాకులవారు రెండడుగులు వెనక్కి వేశారు. అది వారి వైపు కన్నెత్తి చూడలేదు. నెమ్మదిగా పడగ లోపలికి తిప్పింది. గాదిలింగడు దాని వెన్నుకు తన వెన్ను ఆనించి, కత్తి ఒడిలో పెట్టుకుని కూర్చున్నాడు. ఆ వెచ్చదనం మొదటి రోజు లాగానే ఉంది.

"నిద్రొస్తాందా?" అని సర్పం అడిగిందట.

"వస్తాందవ్వా," అన్నాడట.

సర్పం ఊదింది. సూరేకారపు మన్ను ఒక్కసారిగా అంటుకుంది. నాయుడికి అప్పుడు అర్థమై కాల్చమని అరిచాడు. తుపాకులన్నీ ఒకేసారి పేలాయి. గుహ లోపలి నుంచి కొండే ఆవులించినట్టు శబ్దం వచ్చి పైబండ విరిగి ఇద్దరి మీదా పడింది. అవతలి గట్టు ఎక్కబోతున్న తిప్పక్క ఆ చప్పుడంతా విన్నది. తిరగలేదు. ఎవరూ తిరగలేదు. ఆమె భుజం మీద వెనక్కి ముఖం పెట్టి పడుకున్న పసిబిడ్డ ఒక్కతే అంతా చూసింది. దాటి అడవిలో పడ్డాక ఆ బిడ్డ, "అమ్మా, ఆ అన్నా పామూ వీపులు ఆనిచ్చుకుని కూసున్నారు" అంది. ఈ క్షేత్రానికి సాక్ష్యం ఆ పసినోటి మాటే. ఇంతకన్నా మంచి సాక్ష్యం ఏ పురాణానికి ఉందో చెప్పండి.

నాయుడికి చారెడు మన్ను దక్కలేదు. అంత మాత్రాన అతనికి ఏమీ కాలేదని భక్తులు తెలుసుకోవాలి. పిడుగు పడలేదు, కుష్ఠు పట్టలేదు. ముసలివాడయ్యేదాకా హాయిగా బతికాడు. దుర్గంలోని గుడి గోడ మీద తాను గుర్రమెక్కి సర్పం గొంతులో బల్లెం దింపుతున్నట్టు చెక్కించుకున్నాడు. ఆ రోజు ఆయన వెంట గుర్రమే లేదు. సర్పం ఆయన ముఖమైనా చూడలేదు.

వానలు వెలిశాక తిప్పక్క ఇక్కడికి తిరిగి వచ్చింది. ఒక రాతిపనివాడిని పట్టుకుని బిడ్డ చెప్పినట్టు చెక్కమంది. సర్పం అయింది. మనిషి ఒళ్ళు అయింది. ముఖం ఎలా ఉండేదో చెప్పమన్నాడు శిల్పి. తిప్పక్క చెప్పబోయి ఆగిపోయింది. ఆమెకు గుర్తొచ్చిన ముఖం ఒక్కటే. తాను ఉమ్మి వేసిన ముఖం. చెంపన కారుతుంటే తుడుచుకోకుండా నిలబడిన ముఖం. దాన్ని రాతిలో పెట్టడానికి ఆమెకు నోరు రాలేదు. అలాగే వదిలెయ్యమంది. శిల్పి పోయాక ఆమె ఆ శిల్పానికి ఎదురుగా నిలబడలేక, వెనక్కి తిరిగి, బండకు వీపు ఆనించి కూలబడింది. బయన్న పోయిన రోజు నుంచి ఆమెకూ నిద్ర లేదు. ఆ బండకు ఆనుకుని సాయంత్రం దాకా నిద్రపోయింది.

నేటికీ ఇక్కడ అర్చన చేసేది తిప్పక్క కూతురి సంతతి ఆడవారే. తాంబూలం ఈ గడప తొక్కదు. ఏటా వైశాఖ శుద్ధ ఏకాదశి నాడు ఆడవారు పిల్లలను భుజాన వేసుకుని బండ నుంచి వంక అవతలి గట్టు దాకా వెనక్కి చూడకుండా నడుస్తారు. పిల్లలు మాత్రం వెనక్కి చూడవచ్చు. చూడాలి కూడా. నమ్మినవారి చేతిలో మోసపోయినవారు, కళ్ళు మూస్తే పాత తలుపు ఏదో తెరుచుకునేవారు ఎక్కడెక్కడి నుంచో వచ్చి బండకు వెన్ను ఆనిస్తారు. కాసేపటికి కునుకు పడుతుంది. పొద్దుగూకాక కూడా ఆ బండ వెచ్చగానే ఉంటుంది. ఎండకు కాగిన రాయి కదా అని చదువుకున్నవారు అంటారు. వారు కూడా ఆనుకునే అంటారు.

నాయుడి పేరు ఈ క్షేత్రంలో ఎక్కడా రాసి లేదు. బండ అడుగున, వంక వైపు, తిప్పక్క చెక్కించిన ఒకే ఒక్క వరుస ఉంది. ఇప్పటికీ వేలితో తడిమి చదువుకోవచ్చు: గాదిలింగడు మాట నిలుపుకున్న దినం, శాలివాహన శకం 1610, విభవ నామ సంవత్సరం, వైశాఖ శుద్ధ ఏకాదశి.